చెరువు కట్ట మీద, కాలువ గట్టు వెంట: తిరుపతి చుట్టుపక్కల చదును నేలలో నడవడం ఎలా

తిరుపతిలో నడక అనగానే ఎవరి చూపైనా కొండవైపే పోతుంది. అలిపిరి దారి గానీ, శ్రీనివాస మంగాపురానికి దగ్గర్లో మొదలై 2388 మెట్లెక్కించే శ్రీవారి మెట్టు గానీ, రెండూ ఎక్కుడు దారులే. మోకాళ్ళు సహకరించని పెద్దవాళ్ళు, చంటిబిడ్డల తల్లులు, జబ్బుపడి లేచి మళ్ళీ కాళ్ళకు పని చెప్పాలనుకునేవాళ్ళు ఆ మెట్లను చూసి వెనక్కి తగ్గుతారు. వాళ్ళకు కొండ కింద వేరే నడక ఉంది. పాకాల వైపు కొండల్లో పుట్టి, చంద్రగిరి, తిరుచానూరు, శ్రీకాళహస్తి మీదుగా సముద్రానికి పోయే స్వర్ణముఖి ఒడ్డున, దానికి ఇరువైపులా ఉన్న చెరువు కట్టల మీద, ఆ చెరువుల నుంచి బయలుదేరే కాలువ గట్ల వెంట, పెద్దగా ఎత్తూ పల్లమూ లేకుండా గంటా రెండు గంటలు నడవవచ్చు. దారిలో పాత గుడో, కోటగోడో, అక్షరాలు చెరిగిపోతున్న శాసనం బండో ఏదో ఒకటి తగులుతుంది.

అలా తగలడానికి కారణముంది. ఏడాది పొడవునా పారే నది లేని ఈ సీమలో చెరువు తవ్వినచోట ఊరు కట్టారు, ఊరున్నచోట గుడి కట్టారు. 15, 16 శతాబ్దాల తిరుమల శాసనాల్లో ఒక ఏర్పాటు మళ్ళీమళ్ళీ కనిపిస్తుంది: భక్తుడు స్వామికి సొమ్మిస్తాడు, ఆ సొమ్ముతో స్వామివారి ఊళ్ళలో చెరువులు, కాలువలు తవ్విస్తారు, నీరందిన మడుల్లో పెరిగిన పంటలోంచి ఆ భక్తుడి పేరిట నైవేద్యం జరిపిస్తారు. కొండమీది ప్రసాదం కొండకింది చెరువు తూములోంచి, అంటే కట్ట కింద నీరు వదిలే కన్నంలోంచి, పారిన నీటితోనే పండేదన్నమాట. కాబట్టి ఈ ప్రాంతంలో చదును నడకకు నేను పాటించే సూత్రం ఒక్కటే: నీరు పోయిన దారినే పోవాలి. నీటికి ఎత్తు ఎక్కడం రాదు కనుక కాలువ తవ్వినవాళ్ళు నడిచేవారి కాలికి తెలియనంత కొద్ది వాలుతోనే దాన్ని తీసుకుపోతారు. ఆ గట్టు పట్టుకుంటే మీ మోకాళ్ళ బాధ్యత కూడా వాళ్ళు తీసుకున్నట్టే.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. కొన్నేళ్ళ కిందట ఒక చిన్న ఊరి చెరువు కట్ట మీద నడుస్తుండగా, కింద మడుల అవతల గుడి శిఖరం కనిపిస్తే, కాలువ చుట్టు తిరిగి పోతోంది కదా అని అడ్డంగా మడిలోకి దిగాను. నాలుగో అడుగుకే మోకాలి దాకా బురద, ఎడమకాలి చెప్పు అందులోనే ఉండిపోయింది. తూము దగ్గర కూర్చున్న నీరుగంటి, అంటే ఊరి మడులకు వంతులవారీగా నీళ్ళు వదిలే పెద్దాయన, నవ్వకుండానే అడిగాడు: "నీళ్ళే అట్లా పోకుండా చుట్టుకొని పోతా ఉండాయి గదా, నువ్వెట్లా పోతావనుకుంటివి నాయినా?" అప్పటినుంచి నేను గట్టు విడిచి దిగలేదు.

దారిని ఎంచుకోవడం

మొదటి పని ఇంట్లో కూర్చుని చేసేది. ఫోనులో పటం తెరిచి, దాన్ని ఉపగ్రహ చిత్రంలోకి మార్చి, మీరు వెళ్ళదలచిన ఊరి చుట్టూ చూడండి. చెరువు ఎక్కడుందో గుర్తుపట్టడానికి నీళ్ళు కనిపించనవసరం లేదు, వేసవిలో తీసిన చిత్రంలో అవి ఉండకపోవచ్చు కూడా. వంపు తిరిగిన ఒక గీత కోసం వెతకండి. అదే కట్ట. కట్టకు ఒకవైపు అర్ధచంద్రాకారంలో బూడిదరంగు నేలో, నీలమో, సర్కారు తుమ్మ అడవో ఉంటుంది. రెండోవైపు ఆకుపచ్చని చిన్నచిన్న గళ్ళు ఉంటాయి. ఆ గళ్ళే ఆయకట్టు మడులు. కట్ట నుంచి మడుల్లోకి దిగే సన్నని గీత కాలువ. ఆ గీత వెంట వేలు జరుపుకుంటూ పోతే ఊరో గుడో ఏటి ఒడ్డో వస్తుంది. మీ నడక దారి అదే. ఆ దారి దూరాన్ని పటంలోనే కొలుచుకోండి. అలవాటు లేనివారికి మొత్తం నాలుగు కిలోమీటర్లు చాలు, అలవాటున్నవారికి ఏడెనిమిది. రోడ్డు మీద గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచేవారు కట్ట మీద మూడు నడుస్తారని లెక్క వేసుకోవాలి. దారి బాగులేకపోవడం వల్ల కాదు, కొంగలను చూస్తూ ఆగిపోవడం వల్ల.

పటంలో ఉన్న దారి నేలమీద ఉండాలని లేదు. ఇళ్ళ స్థలాలుగా మారిన కాలువలు, కంప మూసేసిన కట్టలు తిరుపతి నగరం అంచున చాలానే ఉన్నాయి. అందుకే మొదటిసారి వెళ్ళే దారిలో, కొంతదూరం పోయి వచ్చిన దారినే తిరిగి వచ్చేలా పథకం వేసుకోండి. బస్సో ఆటోనో అవతలి కొసన అందుకునే నడకను రెండోసారికి ఉంచుకోండి.

ఎండ దిక్కు కూడా చూసుకోవాలి. స్వర్ణముఖి మొత్తం మీద పడమటి నుంచి తూర్పుకు పారుతుంది. ఉదయం పూట ప్రవాహంతోపాటు నడిస్తే ఎండ ముఖాన కొడుతుంది. ఏటికి ఎదురు నడిస్తే వీపున పడుతుంది. ఏటికి ఎదురీత కష్టమంటారు గానీ, పొద్దున ఏటికి ఎదురు నడకే సుఖం. సాయంత్రం దీన్ని తిరగేసుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి

ఇక్కడి చెరువులు నిండేది ఎక్కువగా అక్టోబరు, నవంబరు వానలకు. డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా చెరువుల్లో నీళ్ళు, మడుల్లో పచ్చదనం, ఉదయం చలి, మూడూ కలిసి దొరుకుతాయి. మార్చి మొదటి వారాల్లో కూడా పెందలకడే బయలుదేరి తొమ్మిదిలోపు ముగించుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఈ నడకలు వద్దు. చెట్టు నీడ లేని కట్ట మీద ఆ ఎండలో తిరగడం ఆరోగ్యం కోసమని ఎవరూ అనలేరు.

తుపాను వానలు పడుతున్నప్పుడు, ఆ తరువాత నేల గట్టిపడే దాకా కట్టల మీదికి పోకూడదు. 2021 నవంబరులో కుండపోత వానలకు స్వర్ణముఖి పొంగి, రామచంద్రాపురం మండలంలోని రాయల చెరువు కట్ట మన్ను జారి నీరు కారడం మొదలైతే, కింది ఊళ్ళవాళ్ళను ఖాళీ చేయించవలసి వచ్చింది. నానిన మట్టికట్ట చూపుకు గట్టిగానే ఉంటుంది, అంచున కాలు పెట్టినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

పండుగల తేదీలు కూడా చూసుకోండి. కార్తీక బ్రహ్మోత్సవాల్లో పంచమీతీర్థం రోజున తిరుచానూరు, మహాశివరాత్రికి శ్రీకాళహస్తి నడక కోసం వెళ్ళవలసిన చోట్లు కావు. ఆ రోజుల్లో జనం మనల్ని నడిపిస్తారు.

వెంట ఏముండాలి

మడమను మూసే బూట్లు అన్నిటికన్నా ముఖ్యం. కట్టల మీద రాలిన సర్కారు తుమ్మ ముల్లు హవాయి చెప్పు అడుగును చీల్చుకుని పాదంలోకి దిగుతుంది. దానికి తోడు పల్లేరుకాయలు. పొడుగు ప్యాంటు వేసుకుంటే గడ్డి కోతా ఉండదు, గుడిలోకి వెళ్ళడానికి ఇబ్బందీ ఉండదు. మనిషికి ఒకటిన్నర లీటరు నీళ్ళు, టోపీయో తలగుడ్డో, ఒక చేతికర్ర, చిల్లర డబ్బులు ఉంచుకోండి. ముల్లు తీయడానికి ఒక పిన్నీసు కూడా. ఒక పాత గుడ్డసంచి తప్పకుండా పెట్టుకోండి: గుడి దగ్గర విడిచిన బూట్లు అందులో వేసి కట్టి పెట్టకపోతే, ఊరికుక్కపిల్లలు ఒకదాన్ని ఆటకు తీసుకుపోతాయి.

తినడానికి ఏమైనా తీసుకువెళ్తే మంచిదే. లేకపోయినా ఊరి మొగదల ఇడ్లీలు దొరుకుతాయి, రోడ్డు పక్కన ఉడికించిన చెనిక్కాయలు దొరుకుతాయి. చిత్తూరు వైపు నడిచేవారికి చెరుకు ఆడే రోజుల్లో గానుగ దగ్గర పొయ్యిమీద పొంగుతున్న బెల్లం పాకం వాసన అరకిలోమీటరు ముందునుంచే తగులుతుంది; అడిగితే వేడి పాకం ఆకులో పోసి ఇస్తారు, వేలు కాలకుండా తినడం మాత్రం మీ నేర్పు.

కట్ట మీద నడిచేటప్పుడు

కట్ట ఎక్కిన వెంటనే గబగబా నడవకండి. చెరువు పనితనం తెలిస్తే నడకకు అర్థం వస్తుంది, జాగ్రత్తా వస్తుంది. వాననీరు కొండల నుంచి వంకల ద్వారా చెరువులోకి వస్తుంది. నీటిని ఆపేది కట్ట, కావలసినప్పుడు వదిలేది తూము, ఎక్కువైనదాన్ని పంపేది మొరవ. దీన్నే వేరే జిల్లాలవాళ్ళు అలుగు అనో కలుజు అనో అంటారు. మొరవ పోయిన నీరు వంకగా మారి కింది ఊరి చెరువును నింపుతుంది. అలా ఒక దండలో పూసల్లా చెరువులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. కాబట్టి ఒక చెరువు మొరవ నుంచి బయలుదేరి వంక వెంట పోతే ఇంకో చెరువు తలాపుకు చేరుతారు. కాలువ మడులకు తీసుకుపోతుంది, వంక చెరువుకు తీసుకుపోతుంది. దారి తప్పినప్పుడు ఈ తేడా గుర్తుంటే చాలు.

పాత తూమును దగ్గరగా చూడండి. చెరువు లోపల, కట్టకు కొన్ని అడుగుల దూరంలో రెండు రాతి స్తంభాలు నిలువుగా ఉంటాయి. వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు, ఆ పలకల మధ్యలో బెజ్జాలు. ఆ బెజ్జాల్లోంచి ఒక పొడుగాటి కొయ్య దిగి, అడుగున తూము కన్నాన్ని బిరడాలా మూస్తుంది. కొయ్యను ఎత్తితే నీరు కట్ట కిందుగా పోయి అవతలివైపు కాలువలో పైకి వస్తుంది. నీరు తగ్గినప్పుడు స్తంభాల మీద ఏటేటి నీటిమట్టం గీతలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. కొన్ని తూములకు పై పలక మీద గజలక్ష్మి చెక్కి ఉంటుంది. చాలాచోట్ల ఆ లక్ష్మి ముఖం పసుపు కుంకుమలకు అరిగి నున్నగా అయిపోయి, ఏనుగుల తొండాలు మాత్రమే మిగిలి ఉంటాయి. పక్కజిల్లా కడపలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలేమిటో, ఎంతమంది కూలీలు ఎంతకాలం పనిచేశారో కూడా అందులో రాసిపెట్టారు. దాన్ని తలుచుకుంటూ మీ ఊరి చెరువును చూస్తే, కట్టించినవాళ్ళు ఎంత ఆలోచించారో అర్థమవుతుంది.

తూము స్తంభాల మీదికి ఎక్కవద్దు, పిల్లలను ఎక్కనివ్వవద్దు. మొరవ బండ మీద నీరు పలుచగా పారుతున్నా దాటవద్దు. ఆ బండకు పట్టిన పాచి సబ్బుకన్నా జారుతుంది. కట్ట మీద నడిచేటప్పుడు నీటివైపు అంచున కాక నడిమధ్యన నడవండి. గడ్డి పెరిగినచోట ముందు కర్రతో తట్టి, తరువాత అడుగు వేయండి. రక్తపింజర, నాగుపాము, కట్లపాము ఈ నేలలో ఉన్నవే. ఎవరికైనా కాటు పడితే కట్టు బిగించి కట్టడం, గాటు పెట్టడం, మంత్రం కోసం వెతకడం చేయకుండా, కాలు కదల్చనివ్వకుండా 108కు ఫోను చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి. విరుగుడు మందు ఉండేది అక్కడే.

మొదటి నడక: తొండవాడ నుంచి చంద్రగిరికి

కొత్తవారికి నేను చెప్పే మొదటి దారి ఇది. తిరుపతి నుంచి చంద్రగిరి వైపు పోయే బస్సులోనో ఆటోలోనో తొండవాడ దగ్గర దిగితే, ముక్కోటి అని అందరూ పిలిచే అగస్త్యేశ్వరస్వామి గుడి ఏటి ఒడ్డునే ఉంటుంది. కల్యాణి, భీమ అనే రెండు చిన్న ఏర్లు స్వర్ణముఖిలో కలిసేది ఇక్కడే. పొద్దున ఆరున్నరకు అక్కడుండేలా చూసుకోండి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏరు ఇసుకే. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం ఆ ఇసుకలో నీరు పాయలుగా చీలి పారుతుంటుంది. మొదట గుడి చూసుకుని, అక్కడినుంచి పడమటగా, ఊళ్ళ మధ్య దారులు పట్టుకుని చంద్రగిరి వైపు సాగండి. ఏటి ఇసుకలో నడవాలని సరదా పుడుతుంది. గట్టున నడవడమే మేలు. ఇసుక తీసిన గుంతలు నీటి కింద కనిపించవు. మోకాలి లోతనుకున్నచోట మనిషి లోతుండవచ్చు.

ఎండ వీపున పడుతుండగా నడిస్తే మ్యూజియం తెరిచే వేళకు చంద్రగిరి కోట చేరుతారు. పురావస్తు శాఖవారి ఈ మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు తప్పించండి. విజయనగర రాజులు పెనుకొండ తరువాత రాజధానిగా చేసుకున్న కోట ఇది. 1639లో ఇంగ్లీషు వర్తకులకు మద్రాసులో కోట కట్టుకునే చోటు దక్కింది ఈ చంద్రగిరి రాయల ఏలుబడిలోనే. రాజమహలు మూడంతస్తుల భవనం. ఇటుక, రాయి, సున్నంతో కట్టినది, కప్పులకు కలప వాడలేదు. లోపల విగ్రహాలు చూడండి, అయితే ముందు బయట తోటలో నిలబడి భవనాన్ని, దాని వెనకనున్న బండకొండను ఒక్క చూపులో చూడండి. కోట ఇక్కడే ఎందుకు కట్టారో ఆ చూపులో తెలిసిపోతుంది: వెనక కొండ కాపలా, ముందు ఏటి నేల తిండి. కొండమీది కోట ఎక్కాలని ఉత్సాహపడేవారు ఇంకోరోజు రండి, అది ఈ వ్యాసం పరిధిలోని నడక కాదు.

ఓపిక మిగిలితే ఆటోలో శ్రీనివాస మంగాపురం కల్యాణ వేంకటేశ్వరస్వామి గుడికి పోయి, అక్కడినుంచి తిరుపతికి రావచ్చు. రైలు ఇష్టమైనవారికి పాకాల, తిరుపతి మార్గంలో చంద్రగిరి స్టేషనుంది. ఆ దారిలో బండ్లు తక్కువ కనుక వేళ ముందే చూసుకోవాలి.

గుడిమల్లం

నన్ను ఒక్క నడకే ఎంచుకోమంటే ఇది ఎంచుకుంటాను. రేణిగుంట నుంచి ఏర్పేడు వైపు పోయే దారిలో పాపానాయుడుపేట ఉంది. గాజుపూసల తయారీకి పాతకాలం నుంచి పేరుబడ్డ ఊరది. కొలిమిలో కరిగిన గాజును సన్నని గొట్టంగా లాగి, ఆ గొట్టాన్ని ముక్కలు చేసి, ముక్కల అంచులను మళ్ళీ వేడికి నున్నన చేస్తే పూసలవుతాయి. ఆ ఊళ్ళో దిగి, గుడిమల్లానికి దారి అడిగి నడవండి. దూరం కొంచెమే, నేల పూర్తిగా చదును, రెండువైపులా మడులు, స్వర్ణముఖి దగ్గర్లోనే. ఈ ఊళ్ళో దారి అడగడమంటే పది నిమిషాలు మాట్లాడటమని ముందే లెక్కలో వేసుకోండి: ఏ ఊరు, ఎవరి తాలూకు, నడిచి ఎందుకు పోతున్నారు, బండి చెడిపోయిందా అనే నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాక గానీ కుడిచేయి పైకి లేవదు.

పరశురామేశ్వరస్వామి గుడి బయటికి చాలా సాదాగా ఉంటుంది. విమానం వెనకభాగం చతురస్రంగా కాక ఏనుగు వెనకభాగంలా గుండ్రంగా తిరిగి ఉంటుంది కనుక ముందు ప్రదక్షిణ చేసి దాన్ని చూడండి. లోపల గర్భగుడి నేల మనం నిలబడిన నేలకన్నా కిందికి ఉంటుంది. అక్కడున్న లింగం సుమారు ఐదడుగుల ఎత్తు. దాని ముందుభాగాన శివుడు మనిషి రూపంలో, ఒక మరుగుజ్జు యక్షుడి భుజాల మీద నిలబడి ఉంటాడు. కుడిచేత వెనక కాళ్ళు పట్టుకుని వేలాడదీసిన పొట్టేలు, ఎడమచేత చిన్న గిన్నె, భుజాన గండ్రగొడ్డలి. కట్టిన బట్ట ఎంత పలుచనో రాతిలోనే తెలుస్తుంది. ఈ లింగం కాలం గురించి పండితుల మధ్య తగవుంది. క్రీస్తుకు పూర్వం రెండు మూడు శతాబ్దాలకు తీసుకుపోయేవారూ ఉన్నారు, అంతకన్నా ఇవతలికి తెచ్చేవారూ ఉన్నారు. ఎటు చూసినా మనకు దొరికిన శివలింగాల్లో అతి పాతవాటిలో ఇదొకటి. 1973లో పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. గోడల మీద పల్లవుల, బాణుల, చోళుల నాటి శాసనాలున్నాయి.

ఇక్కడా నీటి కథ ఉంది. గర్భగుడిలోకి అడుగునుంచి నీరు ఊరి లింగాన్ని ముంచడం అరవై ఏళ్ళకొకసారి జరుగుతుందని ఊళ్ళో చెబుతారు. 2005 డిసెంబరులో అలా వచ్చిందని కూడా చెబుతారు. లెక్క ఎలా ఉన్నా, ఏటి పక్కన ఇంత పల్లంలో కట్టిన గుడిలో ఊట రావడం వింత కాదు. స్వామిని చూసేటప్పుడు అర్చకుడు హారతి ఇచ్చే క్షణంలో పొట్టేలు మీదికి వెలుగు పడుతుంది, ఆ ఒక్క క్షణం కోసం కళ్ళు సిద్ధంగా పెట్టుకోండి. గర్భగుడిలో ఫోటోలు తీయవద్దు. మధ్యాహ్నం గుడి మూసే వేళ రాకముందే, అంటే పదకొండు లోపు, చేరేలా బయలుదేరండి.

చిన్న నడకలు, ఒక హెచ్చరిక

గంటలో ముగిసే నడక కావాలంటే తిరుచానూరు పద్మసరోవరం నుంచి యోగిమల్లవరంలోని పరాశరేశ్వరస్వామి గుడి దాకా నడవండి. అమ్మవారి గుడి రద్దీ నుంచి చోళుల శాసనాలున్న ఈ నిశ్శబ్దపు గుడికి ఇంత దగ్గర దారి ఉందని తిరుపతివాళ్ళలోనే చాలామందికి తెలియదు. కట్ట మీద నడకకు రాయల చెరువు బాగుంటుంది. కృష్ణదేవరాయల కాలంలో తవ్వించారని చెప్పుకొనే పెద్ద చెరువది, జనవరిలో ఉదయం పూట పోవాలి. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి గుడిని ఒరుసుకుంటూ ఉత్తరానికి తిరుగుతుంది. 1516లో రాయలవారు కట్టించిన గాలిగోపురం 2010 మేలో కూలిపోయింది, ఇప్పుడున్నది తరువాత కట్టినది. ఏటి అవతలి ఒడ్డు నుంచి చూస్తే కొండ, గోపురాలు, నీరు ఒక్క వరుసలో కనిపిస్తాయి.

హెచ్చరిక తెలుగుగంగ కాలువ గురించి. 1983 నాటి ఒప్పందం ప్రకారం మద్రాసుకు తాగునీరు పంపడానికి తవ్విన ఈ కాలువ కండలేరు నుంచి శ్రీకాళహస్తి ప్రాంతం, సత్యవేడు మీదుగా తమిళనాడులోని పూండికి పోతుంది. గట్టు మీద మంచి దారి ఉంటుంది, నడవడానికి బాగానే ఉంటుంది. అయితే ఇది ఊరి పంటకాలువ కాదు. వాలుగా వేసిన కాంక్రీటు పక్కలకు పాచి పడుతుంది, నీరు పైకి నెమ్మదిగా కనిపించినా లోపల వేగంగా లాగుతుంది, జారినవాడికి పట్టుకోవడానికి గడ్డిపరక కూడా ఉండదు. కాళ్ళు కడుక్కోవడానికి కూడా దిగవద్దు. ఎవరైనా పడితే మీరు దూకకుండా, తలగుడ్డలు ముడివేసి విసరండి, కేకలు వేయండి, కాలువతోపాటు పరుగెత్తి మెట్లున్న చోటు చూసుకోండి. పిల్లలతో వెళ్ళేవారు ఈ కాలువను వదిలేసి చెరువు కట్టనే ఎంచుకోవడం మంచిది.

ఊళ్ళ మధ్య, మడుల మధ్య

కాలువ గట్టు అందరిదీ, గెనిమ, అంటే మడికీ మడికీ మధ్యనుండే సన్నని గట్టు, మాత్రం రైతుది. తప్పనిసరిగా గెనిమ మీద నడవవలసి వస్తే ఒకరి వెనక ఒకరుగా నడవండి. తడి గెనిమ అంచు విరిగితే మడిలో నీరంతా పక్క మడిలోకి పోతుంది, అప్పుడు మీ మీద పడే తిట్లు న్యాయమైనవే. మడి దగ్గర మనిషి కనబడితే "అన్నా, ఇట్లా పోవచ్చా?" అని అడగండి, పెద్దవారైతే "పెద్దాయనా" అనో "అమ్మా" అనో పిలవండి. పోవద్దనే రైతును నేనింతవరకు చూడలేదు. మోటారు స్టార్టరు పెట్టెలను, నేలమీద పడి ఉన్న తీగలను ముట్టుకోవద్దు. కొండ అంచు ఊళ్ళలో అడవిపందుల కోసం రాత్రిపూట తీగలకు కరెంటు పెట్టేవారున్నారు. అది చట్టానికి విరుద్ధమే అయినా తీగకు చట్టం తెలియదు. చీకటి పడ్డాక, పూర్తిగా తెల్లవారకముందు గట్టు విడిచి చేలల్లోకి అడుగు పెట్టకండి.

కుక్కలు ఊరి మొగదల మొరుగుతాయి. పరుగెత్తవద్దు, కర్ర ఎత్తవద్దు, కిందికి వంగి రాయి తీస్తున్నట్టు చేస్తే సాధారణంగా సర్దుకుంటాయి. గేదెల మందకు దారి ఇచ్చి, నీటివైపు కాకుండా మడివైపు నిలబడండి. మంద చెరువులోకి దిగాలనే చూస్తుంది, మధ్యలో మీరుంటే మిమ్మల్నీ దింపుతుంది.

తిరుగు ప్రయాణానికి బస్సు ఎన్ని గంటలకో వెళ్ళేటప్పుడే కండక్టరునో, దిగినచోట టీ అంగడివాడినో అడిగి పెట్టుకోండి. పల్లె బస్సుల మధ్య ఎడం ఒక్కోసారి రెండు గంటలుంటుంది. ఆ టీ అంగడి దగ్గరే కూర్చుని బూట్లు విప్పి, అడుగున దిగిన ముళ్ళను పిన్నీసుతో తీసేయండి. ఇంటికి వచ్చాక తీద్దామనుకుంటే ఆ ముల్లు ఇంట్లోవాళ్ళ కాలికి గుచ్చుకుంటుంది.